స్కూల్ ఆఫ్ కమ్యూనికేషన్ డీన్ పోస్టుకు వెళ్లేముందు ఏమేం చూసుకోవాలి? చెన్నై, బెంగళూరు సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

పెరంబూరు పంతులు అడిగారు:

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక డీమ్డ్ యూనివర్సిటీ "ప్రొఫెసర్ అండ్ డీన్, స్కూల్ ఆఫ్ కమ్యూనికేషన్" అని ప్రకటన ఇచ్చింది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ దాదాపు అదే పనిని "డైరెక్టర్" అంటోంది. రెండింట్లోనూ అర్హత దగ్గర "యూజీసీ 2018 నిబంధనల ప్రకారం" అన్న ముక్క (విశ్వవిద్యాలయ నిధుల సంఘం టీచర్ల నియామకానికి పెట్టిన నిబంధనలు) తప్ప ఇంకేమీ లేదు.

లెక్క కట్టడానికి వీలుగా వివరాలు ఇవీ. ప్రస్తుతం అసోసియేట్ ప్రొఫెసర్. మాస్ కమ్యూనికేషన్‌లో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ ఉన్నాయి. బోధన 13 ఏళ్లు, అందులో మొదటి 2 ఏళ్లు గెస్ట్ ఫ్యాకల్టీ. పేపర్లు 12: నాలుగు ఒక్కడినే, ఐదు ఇద్దరం, మూడింట్లో ముగ్గురిలో చివరి పేరు. పుస్తకాల్లో అధ్యాయాలు 3. ఒక విద్యార్థికి పీహెచ్‌డీ వచ్చింది, ఇంకొకరు థీసిస్ సమర్పించారు. జాతీయ సదస్సుల్లో ఆహ్వాన ప్రసంగాలు 4.

ప్రొఫెసర్ అర్హత దాటుతుందా? డీన్‌కీ డైరెక్టర్‌కీ తేడా పేరులోనేనా, పనిలో కూడా ఉందా? చేరిన మొదటి ఏడాది ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి? స్టూడియో, కెమెరాల సంగతి ఎప్పుడూ కింద స్థాయిలోనే గడిచింది కాబట్టి ఆ ముక్క వివరంగా చెబితే మేలు.

జయనగర్ నాలుగో బ్లాక్ జవాబు:

పంతులుగారూ, ముందు అంకెలు తేల్చుకుందాం.

2018 నిబంధనల్లో నేరుగా ప్రొఫెసర్‌గా వెళ్లడానికి నాలుగు గడపలు ఉన్నాయి: పీహెచ్‌డీ, 10 ఏళ్ల అనుభవం, పీర్ రివ్యూడ్ లేదా యూజీసీ జాబితా జర్నళ్లలో 10 పేపర్లు, రీసెర్చ్ స్కోరు (పరిశోధన పనికి వచ్చే పాయింట్ల మొత్తం) 120. వీటితో పాటు పీహెచ్‌డీ విద్యార్థిని విజయవంతంగా గైడ్ చేసినట్టు ఆధారం కావాలి. ఉన్నచోటే సీఏఎస్‌లో (టీచర్ల పదోన్నతి పథకం) ప్రమోషన్ అయితే స్కోరు 110 చాలు. చాలామంది ఈ రెండు అంకెల్నీ కలిపేసుకుని పొరపాటు పడుతుంటారు.

మన సబ్జెక్టు హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వరసలోకి వస్తుంది కాబట్టి పేపరుకు 10. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి అందులో 70 శాతం. ముగ్గురు, అంతకన్నా ఎక్కువైతే మొదటి రచయితకూ కరస్పాండింగ్ రచయితకూ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపినవారు) 70, తక్కినవాళ్లకు 30. మీ లెక్క: ఒంటరిగా రాసినవి 40, ఇద్దరివి 35, ముగ్గురివి 9. మొత్తం 84. అధ్యాయానికి 5 చొప్పున 15. వచ్చిన పీహెచ్‌డీకి 10, సమర్పించిన దానికి 5. జాతీయ స్థాయి ప్రసంగానికి 3 చొప్పున 12. అన్నీ కలిపితే 126. దాటుతుంది, కానీ అంచు మీద.

ఈ 126 ఎక్కడ కూలుతుందంటే జర్నళ్ల దగ్గర. ఒంటరిగా రాసినవాటిలో రెండు, డబ్బు కట్టించుకుని వారంలో వేసే బాపతు జర్నళ్లలో ఉన్నాయనుకోండి. పరిశీలనలో అవి పోతే పేపర్ల సంఖ్య సరిగ్గా 10 దగ్గర నిలుస్తుంది గానీ స్కోరు 106కి దిగిపోతుంది. యూజీసీ కేర్ జాబితాను (యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక) 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. అంతకు ముందు వచ్చిన పేపరైతే, అచ్చయిన నాటికి జర్నల్ జాబితాలో ఉందని చూపే ప్రింటు ప్రతి పేపరు వెనకా పెట్టండి. తర్వాతవాటికి పీర్ రివ్యూ జరిగిన ఈమెయిళ్లు దాచుకోండి. ఇంపాక్ట్ ఫాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను ఇతరులు ఎంత ఉదహరిస్తారో చూపే అంకె) ఉన్న జర్నల్‌కు స్కోరు పెరుగుతుంది కానీ నిబంధన చెప్పేది థామ్సన్ రాయిటర్స్ జాబితా గురించి. జర్నల్ అట్ట మీద వేసుకున్న ఏదో ఒక "ఇంపాక్ట్" అంకె చెల్లదు. ఆ పెంపును ఎలా కలపాలన్న దాంట్లో యూనివర్సిటీకో పద్ధతి కనిపిస్తుంది. అందుకే మూల అంకెలతోనే గట్టెక్కేలా చూసుకోవడం క్షేమం.

నిజాయితీగా పెంచుకునే చోట్లూ ఉన్నాయి. పీజీ డిసర్టేషన్ ఒక్కోదానికి, డిగ్రీ వచ్చాక, 2 పాయింట్లు. కమ్యూనికేషన్ విభాగాల్లో ఏటా అరడజను గైడ్ చేస్తారు, దరఖాస్తులో రాయడం మరిచిపోతారు. నాలుగు క్వాడ్రంట్లతో (వీడియో, చదివే పాఠం, చర్చ, పరీక్ష) పూర్తి మూక్ కోర్సు, అంటే అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్ కోర్సు, తయారు చేస్తే క్రెడిట్‌కు 5 చొప్పున, 4 క్రెడిట్లకు 20. కెమెరా, ఎడిటింగ్ చేతిలో ఉన్న విభాగానికి ఇది మిగతావాళ్లకన్నా తేలిక. ప్రసంగాలు, విధాన పత్రాలు కలిపి మొత్తం స్కోరులో 30 శాతం మించకూడదు, కనీసం మూడు రకాల నుంచి పాయింట్లు రావాలి. మీకు ఆ ఇబ్బంది లేదు.

అనుభవం దగ్గర గెస్ట్‌గా ఉన్న 2 ఏళ్లు తీసేయండి. మిగిలింది 11, సరిపోతుంది. పీహెచ్‌డీ కోసం సెలవు పెట్టి ఉంటే ఆ కాలం కూడా పోతుంది. పాఠాలు చెబుతూ సెలవు లేకుండా చేసినదైతే లెక్కలోకి వస్తుంది. తాత్కాలిక, కాంట్రాక్టు సర్వీసు ఏమైనా ఉంటే దానికి ఇంకో మెలిక: అప్పట్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వచ్చే మొత్తం జీతానికి తగ్గకుండా తీసుకుని ఉండాలి. కాబట్టి పాత జీతం రసీదులు, ఫారం 16 ఇప్పుడే వెతికి పెట్టుకోండి. కాలేజీ మూతపడిన తర్వాత సర్టిఫికెట్ ఇచ్చే నాథుడు ఉండడు.

2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా బయటపెట్టింది. అందులో ఈ పాయింట్ల పద్ధతి లేదు. 9 రకాల కృషిలో కనీసం 4 చూపాలంటుంది. ప్రకటనలో 2018 అని స్పష్టంగా ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు. దరఖాస్తు దాని ప్రకారమే కట్టండి.

తరమణి తెలుగు జవాబు:

అర్హత సంగతి పైన ఆయన చెప్పేశారు. డీన్, డైరెక్టర్ తేడా గురించి.

కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టం 2009 కింద నడిచేవాటిలో డీన్ అంటే స్కూల్లోని ప్రొఫెసర్లలో సీనియారిటీ వరసలో మూడేళ్లకొకసారి తిరిగే కుర్చీ. ఎవరూ అడగక్కర్లేదు, వంతు రావాలి. స్కూల్లో కమ్యూనికేషన్ ఒక్కటే ఉంటుందని కూడా లేదు. హైదరాబాద్ కేంద్ర విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ చూడండి: నృత్యం, నాటకం, చిత్రకళ, కమ్యూనికేషన్ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అలాంటిచోట కమ్యూనికేషన్ ప్రొఫెసర్ నృత్యశాల నేల మరమ్మతు ఫైలు మీద కూడా సంతకం పెట్టాలి.

ప్రైవేటు, డీమ్డ్ సంస్థల్లో కథ వేరు. అక్కడ డీన్‌ను యాజమాన్యమో వీసీయో నియమిస్తారు, తీసేయగలిగేదీ వాళ్లే. "డైరెక్టర్" అన్న మాటకు నిలకడైన అర్థం లేదు. ఒకచోట డీన్‌తో సమానం, ఇంకోచోట హ్యుమానిటీస్ డీన్ కింద పనిచేసే విభాగాధిపతి, మరోచోట అడ్మిషన్ల లక్ష్యం మోసే మేనేజర్. పేరు చూసి తేల్చలేరు. ఎవరి కింద ఎవరో చూపే చార్టు అడిగి తీసుకోండి.

అసలు చూడాల్సింది నియామక పత్రం. అందులో రెండు ముక్కలు విడివిడిగా ఉండాలి: ఒకటి ప్రొఫెసర్‌గా శాశ్వత నియామకం, రెండోది డీన్‌గా ఇన్నేళ్లకు అదనపు బాధ్యత. "డీన్‌గా మూడేళ్ల కాంట్రాక్టు" అని ఒకే ముక్క ఉంటే, మూడేళ్లయ్యాక డీన్ పదవితో పాటు ఉద్యోగం కూడా పోతుంది. ఈ ఒక్క వాక్యం దగ్గర మొహమాటపడి సంతకం పెట్టిన వాళ్లు తర్వాత చేయగలిగేది ఏమీ ఉండదు.

జీతం దగ్గర "యూజీసీ స్కేలు" అంటే లెవెల్ 14, మూలవేతనం 1,44,200 నుంచి మొదలు, పైన డీఏ, ఇంటి అద్దె. "కన్సాలిడేటెడ్" అంటే అవేవీ విడిగా ఉండవు. రెండోదాని అంకె చూడ్డానికి పెద్దగా ఉంటుంది, పీఎఫ్ ఏ మొత్తం మీద కడతారో అడిగితే అసలు రంగు తెలుస్తుంది.

అధికారాల గురించి ఇంటర్వ్యూ అయ్యాక, చేరేముందు అడగాల్సినవి ఇవే. ఒక్క సంతకంతో ఎంతవరకు కొనవచ్చు? గెస్ట్ ఫ్యాకల్టీని తీసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? టీచర్ల ఎంపిక కమిటీలో డీన్‌కు కుర్చీ ఉందా? బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తయారుచేసే కమిటీ) అధ్యక్షత ఎవరిది? స్కూలుకు విడిగా బడ్జెట్ హెడ్ ఉందా, లేక ప్రతి బ్యాటరీకీ రిజిస్ట్రార్ ఆఫీసుకు నోటు పెట్టాలా? చివరిదానికి "నోటు పెట్టాలి" అని జవాబొస్తే, పని సగానికి సగం ఫైళ్ల వెంట తిరగడమే అనుకోండి.

పాఠాల భారం కూడా రాయించుకోండి. యూజీసీ లెక్కలో ప్రొఫెసర్‌కు వారానికి 14 గంటలు. పరిపాలన, విస్తరణ పనుల్లో ఉంటే 2 గంటలు తగ్గించవచ్చు. డీన్ అయితే క్లాసులు ఉండవని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. గెస్ట్ టీచరు మానేసిన రోజు ఆ పేపరు డీన్ నెత్తిన పడుతుంది.

మైలాపూర్ మైకు జవాబు:

స్టూడియో ముక్క అడిగారు కాబట్టి అక్కడే ఉంటాను. కమ్యూనికేషన్ స్కూలుకీ చరిత్ర విభాగానికీ పరిపాలనలో ఉన్న తేడా అంతా ఈ గదుల్లోనే ఉంటుంది.

ముందు టైమ్‌టేబుల్, తర్వాత కొనుగోలు. అందరూ తిరగేసి చేస్తారు. 60 మంది తరగతిని 20 చొప్పున మూడు బ్యాచ్‌లు చేయండి. బ్యాచ్‌లో నలుగురేసి 5 బృందాలు. బృందానికి ఒక కెమెరా, ఒక ట్రైపాడ్, ఒక లాపెల్ మైకు (చొక్కాకు తగిలించేది), రెండు బ్యాటరీలు, రెండు కార్డులు. అంటే ఒకేసారి 5 కిట్లు బయటికి వెళ్తాయి. ఒకటి మరమ్మతులో, ఒకటి స్పేరు అనుకుంటే 7. రెండో సంవత్సరం ఫొటో జర్నలిజం, మూడో సంవత్సరం డాక్యుమెంటరీ ఒకే రోజున పడితే ఆ 7 కాస్తా 14 కావాలి. ఆ రెండు పేపర్లనూ వేర్వేరు రోజులకు జరిపితే కొనాల్సిన కెమెరాలు సగమవుతాయి. డీన్ చేయగలిగిన అతిపెద్ద పొదుపు ఇది, పైసా ఖర్చు లేనిది కూడా.

ప్రాక్టికల్ గంటను థియరీ గంటతో సమానంగా లెక్కిస్తారో లేదో ముందే తేల్చుకోండి. మూడు బ్యాచ్‌లంటే అదే పాఠం టీచరు మూడుసార్లు చెప్పాలి. ఆఫీసు దాన్ని ఒకసారిగా లెక్కేస్తే కెమెరా నేర్పగల మంచి టీచరు ఏడాదిలో వెళ్లిపోతారు.

కెమెరా బాడీల మీద మోజు వద్దు. అన్నీ ఒకే మౌంటు (లెన్సు బిగించే చోటు) ఉన్నవి కొంటే లెన్సులు, బ్యాటరీలు, చార్జర్లు ఒకదానికొకటి పనికొస్తాయి. మూడు కంపెనీల మిశ్రమం కొన్న స్కూళ్లలో, చార్జరు కనపడక బంగారంలాంటి కెమెరా బీరువాలో పడి ఉంటుంది. పరికరాల విలువలో కనీసం పదో వంతు ఏటా మరమ్మతులకు, కేబుళ్లకు, కార్డులకు పక్కన పెట్టించండి. మొదటి ఏడాది వారంటీ ఉంది కదా అని ఆ పద్దు కొట్టేస్తారు. రెండో ఏడాది అడిగితే "పోయినేడు లేదు కదా" అంటారు.

చెన్నైలో లెన్సులకు పట్టే జబ్బు బూజు. సముద్రపు గాలి, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. గాలిలో తేమ 60 శాతం దాటినచోట లెన్సును సంచిలో మూసి నెలలు ఉంచితే లోపల సాలెగూడులా పాకుతుంది, పైన తుడిస్తే పోదు. డ్రై క్యాబినెట్ (లోపలి తేమను తగ్గించే కరెంటు బీరువా) కొని 40–50 శాతం మధ్య పెట్టండి. అంతవరకు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు. జెల్ రంగు మారితే వేడిచేసి తిరిగి వాడాలి. వేసవి సెలవుల్లో కెమెరా గదికి తాళం వేసి, కరెంటు మెయిన్ ఆపేసి ఊరెళ్లడం అసలు కారణం. క్యాబినెట్ కూడా ఆగిపోతుంది మరి. బెంగళూరులో ఈ బాధ తక్కువ, అక్కడ దుమ్ము ఎక్కువ.

నిల్వ లెక్క ఎవరూ వేయరు. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ. 15 బృందాలు రెండేసి గంటలు తీస్తే ఒక్క అసైన్‌మెంటుకు 1,350 జీబీ. 1080పి లో 50 మెగాబిట్లకు దింపితే అందులో సగం. రెండో సంవత్సరం వాళ్లకు 4కె అవసరమే లేదు. సర్వరులో సెమిస్టరు అయ్యాక 60 రోజులకు ముడి ఫుటేజీ తీసేస్తామని, పూర్తయిన చిత్రం మాత్రం ఉంచుతామని ముందే నోటీసు అంటించండి. లేకపోతే నాలుగేళ్ల కిందటి పెళ్లి వీడియోలు కూడా అందులోనే ఉంటాయి.

స్టూడియో గది. తరగతి గదికి ఆకుపచ్చ గుడ్డ కట్టి స్టూడియో అంటే మాట గుహలో మాట్లాడినట్టు వస్తుంది. గోడలకు గుడ్డ చుట్టిన మినరల్ ఊల్ పలకలు వేస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. గుడ్ల అట్టలు అంటిస్తే బయటి చప్పుడు ఆగుతుందన్నది వట్టి భ్రమ. బరువైన తలుపు, సందులకు రబ్బరు సీలు, వీలైతే రెండు తలుపుల మధ్య చిన్న ఖాళీ ఉండాలి. స్ప్లిట్ ఏసీ గాలి శబ్దం మైకులోకి ఎక్కుతుంది కాబట్టి టేకు సమయంలో ఆపుతారు. పది నిమిషాల్లో యాంకరు మేకప్ కారిపోతుంది. నెమ్మదిగా గాలి వదిలే డక్టు ఏసీ అడగండి. పాత టంగ్‌స్టన్ లైట్లు ఒక్కోటి ఒక కిలోవాటు, పది వెలిగిస్తే 10 కిలోవాట్లు, ఆ వేడికి ఏసీ మరింత. అదే వెలుగుకు 100 వాట్ల ఎల్ఈడీ ప్యానెళ్లు పది సరిపోతే మొత్తం ఒక కిలోవాటు. కరెంటు ట్రిప్పవడం కూడా ఆగుతుంది.

వైర్‌లెస్ మైకులు 2.4 గిగాహెర్ట్‌జ్‌వి కొన్నారంటే క్యాంపస్ వైఫైతో కొట్టుకుని మాట మధ్యలో తెగుతుంది. ఇంటర్వ్యూ పరీక్షకు వైరున్న లాపెల్ మైకే నమ్మకం.

బయటి షూటింగులకు వస్తే, మెట్రో, రైల్వే స్టేషన్లలో విడిగా అనుమతి కావాలి. విభాగం లెటర్‌హెడ్ మీద విద్యార్థుల పేర్లు, తేదీ, పరికరాల సీరియల్ నంబర్లతో ఉత్తరం తయారుగా పెట్టుకోండి. డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ఎర్ర జోనులో అనుమతి లేకుండా అదీ ఎగరకూడదు. చెన్నైలో మీనంబాక్కం విమానాశ్రయం చుట్టూ, బెంగళూరులో హెచ్ఏఎల్ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం వైపు మ్యాపు చూడకుండా ఎగరేస్తే కేసు పడేది విద్యార్థి మీద, జవాబు చెప్పేది డీన్.

కమ్యూనిటీ రేడియో పెడదామని వీసీలు ఉత్సాహపడతారు. మనదేశంలో మొదటి క్యాంపస్ రేడియో చెన్నైలోనే, అన్నా యూనివర్సిటీ అన్నా ఎఫ్ఎం, 90.4 మెగాహెర్ట్‌జ్ మీద 2004 ఫిబ్రవరి 1న మొదలైంది. అనుమతి దొరకడం ఒక ఎత్తు, నడపడం పది ఎత్తులు. కార్యక్రమాల్లో సగం స్థానిక జనం పాల్గొన్నవి ఉండాలి, సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలు మార్చకుండా వేసుకోవచ్చు. ప్రకటనలకు 2024 నుంచి గంటకు 12 నిమిషాలు. విద్యార్థుల మీద ఆధారపడితే పరీక్షల నెలలో, వేసవిలో స్టేషను మూగబోతుంది. ఇద్దరు పూర్తికాలం ఉద్యోగులకు జీతం మంజూరయ్యాకే దరఖాస్తు పెట్టండి.

పెరంబూరు పంతులు:

మైకుగారూ, టైమ్‌టేబుల్ మాట బంగారం. ఇంకో రెండు సందేహాలు. సిలబస్ మార్చాలంటే ఎంత కాలం పడుతుంది? తెలుగువాళ్లకు భాష అడ్డం వస్తుందా?

మల్లేశ్వరం మామయ్య జవాబు:

సిలబస్ సంగతి క్యాలెండరును వెనకనుంచి లెక్కేస్తే అర్థమవుతుంది. జులైలో తరగతులు మొదలవ్వాలంటే ఏప్రిల్ నాటికి ప్రాస్పెక్టస్ అచ్చులో ఉండాలి, దానికి మార్చిలో అకడమిక్ కౌన్సిల్ దాటాలి, దానికి జనవరిలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోవాలి, బయటి సభ్యులకు కాగితాలు డిసెంబరులో వెళ్లాలి. జూన్‌లో చేరిన డీన్ మొదటి ఏడాది మార్చగలిగేది ఏమీ లేదన్నమాట. ఆ ఏడాదంతా పాత సిలబస్ నడుస్తుంటే చూసి, ఏ పేపరులో ఎవరు ఏం నిజంగా చెబుతున్నారో రాసుకోవడమే సరైన పని. వచ్చీరాగానే "ఏఐ జర్నలిజం" అని పేపరు పేరు మార్చి, చెప్పేవాళ్లు లేక పాత నోట్సే చదివించేవాళ్లు తక్కువేం కాదు.

కర్ణాటకలో ఇంకో చిక్కు. 2021లో ఎన్ఈపీ (జాతీయ విద్యా విధానం) నాలుగేళ్ల పద్ధతి తెచ్చారు, 2024-25 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వెళ్లారు. ఆ ఏడు మొదటి సంవత్సరం ఒక పద్ధతి, రెండు మూడు సంవత్సరాలు ఇంకో పద్ధతి. క్రెడిట్లు వేరు, పేపర్ల కోడ్లు వేరు, ఫెయిలైనవాళ్లకు పాత పద్ధతిలోనే పరీక్ష పెట్టాలి. డీమ్డ్, ప్రైవేటువాళ్లు తమ దారిన తాము పోయారు. కాబట్టి బెంగళూరులో చేరితే మొదటి వారం అడగాల్సిన కాగితం: ఏ బ్యాచ్ ఏ సిలబస్ మీద ఉంది, ఎంతమందికి బ్యాక్‌లాగ్ ఉంది. తమిళనాడులో రాష్ట్ర ప్రభుత్వం ఎన్ఈపీని తీసుకోలేదు. అక్కడ జర్నలిజం కన్నా బీఎస్సీ విస్కామ్‌కు (విజువల్ కమ్యూనికేషన్) డిమాండు ఎక్కువ. బొమ్మలు గీయడం, డిజైను, ఫొటోగ్రఫీ నేర్పగల టీచర్లు కావాలి, వాళ్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు తక్కువ. ఆ ఖాళీకి ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ దారి వాడుకోండి: రంగంలో 15 ఏళ్ల అనుభవం చాలు, డిగ్రీ తప్పనిసరి కాదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, మొత్తం మీద 4 ఏళ్లకు మించి ఉంచకూడదు. ఇప్పుడు టీచరుగా ఉన్నవాళ్లు, టీచరుగా రిటైరైనవాళ్లు దీనికి పనికిరారు. పత్రికలో 20 ఏళ్లు పేజీలు పెట్టిన సబ్ ఎడిటరు దొరికితే వదలకండి.

భాష సంగతి. పాఠం ఇంగ్లీషులో గడిచిపోతుంది. ఇబ్బంది లాబ్ జర్నల్‌తో (విద్యార్థులు తీసే పత్రిక) మొదలవుతుంది. తమిళ పేజీనో కన్నడ పేజీనో చివరగా చదివి సంతకం పెట్టేది డీన్. అక్షరం రాకపోతే పరువునష్టం వాక్యం కళ్లముందు నుంచే జారిపోతుంది. మాట్లాడటం ఎలాగూ వస్తుంది, చదవడం నేర్చుకోండి. తెలుగువాడికి కన్నడ లిపి పది రోజుల పని, తమిళానికి ఇంకొంచెం ఓపిక కావాలి. అప్పటిదాకా ఆ భాషలో పేపర్లో పనిచేసిన టీచరొకరికి ఎడిటరుగా రాతపూర్వకంగా బాధ్యత ఇవ్వండి. లాబ్ జర్నల్‌ను క్యాంపస్ బయట క్రమం తప్పకుండా పంచాలనుకుంటే 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుందేమో లీగల్ సెల్‌ను ఒకసారి అడగండి. అది 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది.

జయనగర్ నాలుగో బ్లాక్:

ఇంటర్వ్యూ గురించి ఎవరూ చెప్పలేదు. స్కోరు గడప దాటించడానికే, ఎంపిక గదిలోనే జరుగుతుంది. యూజీసీ కమిటీలో వీసీ, బయటి సబ్జెక్టు నిపుణులు ముగ్గురు ఉంటారు, కోరంకు అందులో ఇద్దరైనా రావాలి. వీసీ అడిగేది సీట్లు ఎలా నింపుతారని. నిపుణులు అడిగేది మీ పరిశోధన ఏ దారిలో నడుస్తోందని. రెండు చెవులకూ రెండు రకాల జవాబు ఉండాలి. ఎన్ఐఆర్ఎఫ్‌లో (విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు) మీడియాకు విడిగా కేటగిరీ లేదు. "ర్యాంకు తెస్తాను" అంటే ఏ ర్యాంకని ఎదురు ప్రశ్న వస్తుంది. దానికి బదులు మైకుగారు చెప్పిన కిట్ల లెక్క, మామయ్యగారి క్యాలెండరు రెండు పేజీల్లో పెట్టి తీసుకెళ్లండి. పరిశోధన గురించి 12 పేపర్ల పేర్లు చదవద్దు. అన్నింటినీ కలిపే ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఉదాహరణకు 1975-76లో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం ఆంధ్ర, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు వెళ్లింది కదా, అక్కడినుంచి ఇవాళ్టి ఫోను వీడియో దాకా పల్లె ప్రేక్షకుడు ఎలా మారాడన్నది ఒక దారి. అలాంటిది మీది ఏదో తేల్చుకోండి.

తరమణి తెలుగు:

దానికే ఒక తోక. డీన్ పదవిలో మొదట ఎండిపోయేది పీహెచ్‌డీ గైడెన్సే. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4. ప్రొఫెసర్ కాగానే 8 నింపేయకండి. కోర్సువర్కు, డాక్టోరల్ కమిటీ, ఆరునెలలకోసారి సమీక్ష, ఇవన్నీ డీన్ మీటింగుల మధ్య కుదరక విద్యార్థి ఆరేళ్ల గడువు దాటి రీరిజిస్ట్రేషన్‌కు వెళ్తాడు. నలుగురితో ఆపి, వారంలో ఒక పూట, మంగళవారం మధ్యాహ్నం అనుకోండి, ఏ మీటింగూ వేయొద్దని ఆఫీసులో రాయించండి. సీనియర్ ప్రొఫెసర్‌కు వెళ్లాలన్నా గత 10 ఏళ్లలో ఇద్దరికి పీహెచ్‌డీ వచ్చి ఉండాలి. మీకు ఒకటి వచ్చింది, రెండోది సమర్పణలో ఉంది. ఆ వైవా తేదీ ఎప్పుడో కనుక్కోండి. దరఖాస్తు గడువులోపు నోటిఫికేషన్ వస్తే 5 కాస్తా 10 అవుతుంది, 126 అన్నది 131కి చేరుతుంది.

పెరంబూరు పంతులు:

వైవా వచ్చే నెల మొదటి వారం అన్నారు, గడువు అదే నెల 25న. రెండు జర్నళ్ల జాబితా ప్రింట్లు ఇవాళే తీస్తాను. బెంగళూరు వాళ్లకు చార్టు అడుగుతూ మెయిలు పెట్టాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.